కోపం కుడిచేతిలో కనిపిస్తుంది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది భీమవరం. ఆరేళ్లుగా టోక్యోలో, నిషికసాయిలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు కోపం ఎక్కువ. మా ఏడేళ్ల బాబు మీద, ఫోన్లో మా తమ్ముడి మీద ఇట్టే అరిచేస్తాను, ఆ తర్వాత కూర్చుని బాధపడతాను. జపాన్ కత్తిసాము నేర్చుకుంటే మనసు నిలకడగా ఉంటుందని విని, ఎనిమిది నెలల కిందట మా వార్డు వ్యాయామశాలలో కెండో (వెదురు కత్తులతో తలపడే విద్య) సమాఖ్య పద్ధతిలో నేర్పే ఇయాయిడో (ఒరలోంచి కత్తి దూసి వేటు వేసే విద్య) తరగతిలో చేరాను. వారానికి ఒకరోజు. సెన్సే (గురువు) ఇప్పటికీ మొదటి కతా (ముందే ఖరారైన కదలికల వరుస) 'మాయె' తప్ప దాదాపు ఏమీ చేయించడం లేదు. ఇంట్లో చెక్క కత్తితో రోజుకు 300 సార్లు ఊపుతున్నాను. ఎడమ మోకాలు, కుడి మోచెయ్యి నొప్పి పట్టాయి. కోపం మాత్రం అలాగే ఉంది. పదునున్న నిజం కత్తి కొంటే శ్రద్ధ కుదురుతుందేమోనని చూస్తున్నాను. వచ్చే ఏడాది ఇండియాకు తిరిగి వచ్చేస్తాం, అక్కడ నేర్పేవాళ్లు దొరుకుతారో లేదో. మా ఆవిడ 'కత్తి తిప్పితే కోపం తగ్గుతుందా?' అని అడుగుతోంది. ఈ దారి సరైనదేనా?

సమాధానం: మీ ఆవిడ అడిగినదే అసలు ప్రశ్న. తిప్పినంత మాత్రాన తగ్గదు. డాన్ (నైపుణ్యపు మెట్టు) మీద డాన్ సంపాదించి కూడా డోజో (సాధనశాల) బయట నోరు పారేసుకునేవాళ్లు జపాన్‌లోనూ ఉన్నారు. అలాగని మీరు తప్పు దారిలో ఉన్నారని కాదు. కత్తిని ఊపడం మీద పెట్టిన శ్రద్ధ, ఊపేటప్పుడు ఏం చూసుకోవాలో దాని మీద పెట్టలేదు. మీ ఉత్తరంలో రాసిన రెండు నొప్పులూ, నిజం కత్తి కొనాలన్న తొందరా చూస్తే ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

అఖిల జపాన్ కెండో సమాఖ్య 1975లో తన సాధనకు ఒక్క వాక్యంలో అర్థం చెప్పింది: కత్తి సూత్రాలను అభ్యసించి మనిషిని తీర్చిదిద్దుకునే దారి అని. మీరు చేరిన పద్ధతిలోని పన్నెండు కతాలూ ఆ సమాఖ్య కూర్చినవే. 1969లో ఏడు, 1980లో మూడు, 2000లో రెండు. ఆ వాక్యంలో బరువంతా 'సూత్రాలు' అన్న మాట మీద ఉంది. వాదర ఏ కోణంలో వెళ్లాలి, బలం ఏ వేళ్లలోంచి రావాలి, ఎప్పుడు మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నవి కత్తి విషయంలో ఖాయంగా ఉంటాయి. మన ఒళ్లు వాటికి లొంగాలి. ఎక్కడ లొంగదో అక్కడ మన స్వభావం దొరికిపోతుంది. 1876లో మెయిజీ ప్రభుత్వం వీధిలో కత్తి ధరించడాన్నే నిషేధించింది. అప్పటినుంచి దూయాల్సిన అవసరం లేని కత్తిని జనం రోజూ దూస్తూనే ఉన్నారంటే, ఇలా దొరికిపోవడం కోసమే.

ఒకే కతా ఎనిమిది నెలలు చేయించడం మిమ్మల్ని చిన్నచూపు చూడటం కాదు. ఇయాయిడోలో ఎదుట మనిషి ఉండడు, స్కోరు ఉండదు. కదలికలన్నీ ముందే ఖరారై ఉంటాయి. కాబట్టి నిన్నటి మాయెకీ ఇవాళ్టి మాయెకీ తేడా వస్తే అది మీలోంచి వచ్చిందే. ఆఫీసులో మీటింగు చెడిపోయిన రోజు సాయంత్రం మీరు చేసే మాయె వేరు, కంటినిండా నిద్రపోయి ఆదివారం పొద్దున చేసే మాయె వేరు. మీకు తెలియకపోయినా పక్కన నిలబడి చూస్తున్నవాళ్లకు తెలుస్తుంది. పన్నెండూ ఒకేసారి నేర్పితే వరుస గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది, ఈ తేడా కంటికి ఆనదు.

మాయె అంటే 'ఎదుట'. ఊహలో ఎదురుగా కూర్చున్న మనిషి మీకు హాని తలపెట్టాడని పసిగట్టి, వాడికంటే ముందుగా కత్తి దూసి కణత మీద అడ్డంగా వేటు వేయడం, తలపైకి ఎత్తి నిలువునా నరకడం, రక్తం విదిల్చడం, తిరిగి ఒరలో పెట్టడం. కథ ఇంతే. మీ వరకు ఇందులో అసలు పాఠం మొదటి భాగంలోనే ఉంది, అంటే దూయడంలో. అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

కూర్చుని ఉన్నారు. చూపు నాలుగైదు మీటర్ల అవతల నేల మీద ఉంటుంది, దేన్నీ గుచ్చి చూడదు. రెండు చేతులూ ఒకేసారి కత్తి దగ్గరికి వస్తాయి. ఎడమచేతి బొటనవేలు త్సుబాను, అంటే పిడికీ వాదరకీ మధ్య ఉండే బిళ్లను, కొద్దిగా ముందుకు నెడుతుంది. బిగుతుగా ఉన్న కత్తి ఒర నోట్లోంచి ఒక్క వెంట్రుకవాసి వదులవుతుంది. వాదర పైకి ఉంటుంది కనుక బొటనవేలు సరిగ్గా వాదర గీత మీద ఉండకూడదు, కాస్త పక్కకు జరిగి ఉండాలి. కుడిచెయ్యి పిడిని మృదువుగా అందుకుంటుంది. తుంటి లేస్తుంది, కాలివేళ్లు మడిచి నేలకు ఆనుతాయి, కత్తి బయటికి రావడం మొదలవుతుంది. నెమ్మదిగా. వాదర ఇంకా పైకే ఉంటుంది. మొన దగ్గరి చివరి పది సెంటీమీటర్లు మిగిలాక ఎడమచెయ్యి ఒరను పక్కకు తిప్పుతుంది. మొన ఒర నోరు దాటిన ఆ క్షణాన్ని సాయాబనారె అంటారు. వేగమంతా అక్కడ విచ్చుకోవాలి. కుడికాలు ముందుకు పడుతుంది, కత్తి అడ్డంగా దూసుకెళ్తుంది, అదే క్షణంలో ఎడమచెయ్యి ఒరను నడుం దట్టీ వెంట బలంగా వెనక్కి లాగుతుంది. నిదానం, వేగం, అతివేగం. ఈ మూడంచెల నడకనే జో-హా-క్యూ అంటారు.

మొదట అంత నిదానం ఎందుకు? మొన ఒరలో ఉన్నంతసేపూ ఎదుటివాడికి తన ఆలోచన మానుకునే వీలు ఉంటుంది. మీకూ కత్తి వెనక్కి తోసేసే వీలు ఉంటుంది. ఒరలో ఉండగానే గెలవడం అన్న అర్థంలో 'సాయా నో ఉచి' అనే మాట ఈ విద్యలో తరచుగా వినిపించేది అందుకే. చేయి చివరిదాకా వెళ్లినా వేటు పడకుండానే వ్యవహారం ముగియవచ్చు.

కోపిష్టి చేతిలో ఈ వరుస తిరగబడుతుంది. మొదట్లోనే క్యూ, అంటే అతివేగం, వచ్చేస్తుంది. కుడిచెయ్యి పిడి మీద పడిపోతుంది, ఎడమచెయ్యి ఇంకా నిద్రలోనే ఉంటుంది. కత్తి సగం రాగానే ఒర లోపలి గోడకు రాసుకుని వేగం చచ్చిపోతుంది, కణత దగ్గర పడే వేటులో సత్తువ ఉండదు. మీరు చేస్తున్నదీ ఇదేనా అని తేల్చుకోవడానికి మూడు గుర్తులున్నాయి. త్సుబా 'టక్' మని మోగుతుంటే కుడిచెయ్యి పిడిని పట్టుకోవట్లేదు, కొడుతోందన్నమాట. దూసేటప్పుడు గీరుకున్న శబ్దం వస్తున్నా, కత్తి తుడిచిన గుడ్డ మీద సన్నటి చెక్కపొడి కనిపించినా ఒరను కోసుకుంటూ బయటికి వస్తున్నారు. ఇక పక్కనుంచి ఫోన్లో వీడియో తీసుకోండి, కత్తి కదలకముందే కుడి భుజం చెవి వైపు లేస్తోందేమో చూడండి. మూడూ ఉంటే మీ సెన్సే మిమ్మల్ని మాయె దగ్గర ఎందుకు ఆపారో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

దీనికి ఒక అభ్యాసం ఉంది. ఒరతో వచ్చే చెక్క కత్తి గానీ సెన్సే ఇచ్చిన అభ్యాసపు కత్తి గానీ తీసుకుని, మనసులో ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ చివరి పది సెంటీమీటర్ల దాకా దూయండి. అక్కడ ఆగండి. పదిసార్లు చేస్తే ఐదుసార్లు అక్కడినుంచి వెనక్కి పెట్టేయండి, మిగతా ఐదుసార్లే పూర్తిగా దూయండి. ఏది ఎప్పుడో ముందే నిర్ణయించుకోవద్దు, ఆ పది సెంటీమీటర్ల దగ్గరే తేల్చుకోండి. మొదటి వారం వెనక్కి పెట్టడం చాలా చికాగ్గా ఉంటుంది, చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. ఆ చికాకును గమనించడమే ఈ అభ్యాసంలో అసలు పని.

నిలువు వేటు గురించి ఎక్కువ చెప్పను, అది తరగతిలోనే కుదురుతుంది. డాన్ పరీక్షలో చూసేవేమిటో తెలిస్తే చాలు. ఎత్తేటప్పుడు ఎడమ చెవి పక్కగా వెనక్కి పొడిచినట్టు మొన వెళ్లాలి, తలపైన మొన అడ్డగీతకంటే కిందికి వాలకూడదు, ఎత్తినచోట ఆగకుండా నరకాలి, ఆగినప్పుడు మొన కాస్తే కిందికి ఉండాలి. తలపైన మొన వెనక్కి వేలాడిందంటే పిడి వేళ్లలో వదులైపోయిందని అర్థం.

ఇక మోచెయ్యి. కత్తిని ముందుకు నడిపేది, బరువు మోసేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి దిశ చూపిస్తుంది. పట్టులో చిటికెన వేలు, ఉంగరపు వేలు బిగుతు, మధ్యవేలు మామూలు, బొటనవేలు చూపుడువేలు తేలిక. తడిబట్ట పిండేటప్పుడు రెండు చేతులూ లోపలికి తిరుగుతాయి చూడండి, వేటు పడే క్షణంలో పట్టు అలా బిగిసి వెంటనే సడలాలి. మీరు కుడిచేత్తో నరికి, కుడిచేత్తోనే బ్రేకు వేస్తున్నారు. 300 సార్లు వేసిన ఆ బ్రేకు భారమంతా మోచేతి బయటివైపు కండరాన్ని ఎముకకు అంటిపెట్టి ఉంచే స్నాయువుల మీద పడుతుంది. అరచేతులు చూసుకోండి. ఎడమచేతి చిటికెన, ఉంగరపు వేళ్ల మొదట్లో కాయలు కాస్తే సాధన సరిగ్గా నడుస్తున్నట్టు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రబడిందంటే తప్పు అక్కడే ఉంది. ఇంకో పరీక్ష: నరికి ఆగాక కుడిచెయ్యి తెరిచేయండి. మొన జానెడు కిందికి పడిపోతే అప్పటిదాకా కత్తిని మోసింది కుడిచెయ్యే.

దీనికి మీ ఇల్లు కూడా కొంత కారణం. టోక్యో అపార్ట్‌మెంట్లలో పైకప్పు మామూలుగా 2.4 మీటర్ల ఎత్తే ఉంటుంది. సగటు ఎత్తున్న మనిషి నిలబడి చెక్క కత్తి ఊపితే, కత్తి నిటారుగా ఉండే క్షణంలో మొన రెండున్నర మీటర్లు దాటుతుంది. తగులుతుందన్న భయంతో చేతులు వాటంతటవే ముడుచుకుంటాయి, ఊపు మోచేతుల్లోంచి వస్తుంది, మోచెయ్యి పోతుంది. ఇంట్లో మోకాళ్ల మీద నిలబడి ఊపండి, లేదా 54 సెంటీమీటర్లుండే పొట్టి చెక్క కత్తి, కొదాచి వాడండి. పార్కులో మటుకు వద్దు, పోలీసులు వచ్చి అడుగుతారు, పిల్లలు దగ్గరికి వచ్చేస్తారు. ముందు రెండు వారాలు రెండు చేతుల వేగపు ఊపులు పూర్తిగా ఆపేసి, ఎడమచేత్తో మాత్రమే పది, తర్వాత రెండు చేతులతో నిదానంగా ఇరవై చేయండి. రోజుకు ముప్ఫై చాలు. కాఫీ కప్పు ఎత్తినా, సీసా మూత తిప్పినా నొప్పి వస్తుంటే ఊపులన్నీ మానేసి దగ్గరలోని సెయికేయ్ గెకాకు, అంటే ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పంటి బిగువున భరించడం సాధన కాదు.

గాలిని కోసే ఆ 'ఊష్' శబ్దం కోసం గట్టిగా ఊపుతున్నారేమో కూడా చూసుకోండి. అభ్యాసపు కత్తుల వెన్ను పక్కన సాధారణంగా ఒక గాడి ఉంటుంది, ఆ శబ్దం అక్కడినుంచి వస్తుంది. వాదర దారి నిటారుగా ఉంటే తక్కువ బలంతోనే మోగుతుంది. బలం పెంచి శబ్దం రప్పించడం అలవాటైతే భుజాలు బిగుసుకుపోతాయి, ఆ అలవాటు వదిలించుకోవడానికి మళ్లీ ఏడాది.

మోకాలి సంగతి. సెయిజా మనకు కొత్తది కాదు, చూడటానికి వజ్రాసనమే. తేడా ఏమిటంటే వజ్రాసనంలో కూర్చుని ఉంటాం, ఇక్కడ అక్కడినుంచి లేచి వేటు వేయాలి. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటే ఆ లేవడంలో చీలమండ బెణుకుతుంది. అందుకే తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా కతా మొదలుపెట్టకండి. మాయెలో ఎడమ మోకాలు నేల మీదే ఉంటుంది, తర్వాత కుడి మడమ దగ్గరికి జరుగుతుంది. దాన్ని ఎత్తి పడేస్తే చిప్ప చెక్కనేలకు నేరుగా తగులుతుంది. నేలను రాస్తూ జరపాలి. ఇంకో తప్పు ఇంతకంటే ప్రమాదం: ఎడమ పాదం పక్కకు వాలిపోవడం. పాదం వాలితే పిక్క ఎముక తిరుగుతుంది, ఆ మెలి అంతా మోకాలే భరించాలి. వేళ్లు మడిచి, మడమ ఆకాశం వైపు, పాదం మోకాలికి సరిగ్గా వెనక ఉండాలి. నడుం ముందుకు వంగకుండా తుంటిని ముందుకు తోయండి, చిప్ప మీది బరువు తగ్గుతుంది. హకమా (సాధనలో వేసుకునే వదులు లాగు) కింద మోకాటి తొడుగులు వేసుకోవడం జపాన్ డోజోల్లో మామూలే, మొహమాటపడకండి. వాపు ఉంటే కూర్చుని చేసేవి ఆపేసి, నిలబడి చేసేవి నేర్పమని అడగండి. పన్నెండులో మొదటి మూడూ సెయిజాలోంచి, నాలుగోది ఒక మోకాలు ఎత్తి కూర్చుని, ఐదు నుంచి పన్నెండు దాకా నిలబడి చేసేవే. మీ సెన్సేకి మోకాలి నొప్పి సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకుండా ఎనిమిది నెలలు దాచి ఉంటే ముందు చేయాల్సింది అదే.

కోపం ఉన్నవాళ్లకు దూయడం తర్వాత అంత పనికొచ్చేది నోతో, అంటే కత్తిని తిరిగి ఒరలో పెట్టడం. చూపు దించకూడదు. ఎడమచేయి ఒర నోటిని పట్టుకుని, బొటనవేలు చూపుడువేళ్ల మధ్య చిన్న సందు ఉంచుతుంది. త్సుబాకు దగ్గరగా కత్తి వెన్నును ఆ సందులో ఆనించి, కుడిచెయ్యి ముందుకు లాగుతుంది. వెన్ను వేళ్ల మధ్య జారుతూ పోతుంది, చివరికి మొన జారి ఒర నోట్లో పడుతుంది. అక్కడినుంచి కత్తి లోపలికి వెళ్తుంది, ఒర కూడా ఎదురు వచ్చి కత్తిని కప్పుకుంటుంది. వేటు అయిపోయింది, ఇక పని లేదు అనుకునే మనసు ఇక్కడ తొందరపడుతుంది. మొన ఇంకా పడకముందే కుడిచెయ్యి తోసేస్తుంది, మొన పోయి ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చుకుంటుంది. పదును లేని కత్తితో ఎర్రటి చుక్క, పదునున్నదానితో కుట్లు. వేటు వేశాక కూడా ఎదుటివాడి మీద ధ్యాస నిలిపి ఉంచడాన్ని జన్షిన్ అంటారు. అరిచేశాక గదిలోంచి విసురుగా వెళ్లిపోయే అలవాటు ఉన్నవాళ్లు నోతోను అందరికంటే వేగంగా చేస్తారు. ఈ పోలిక మీకు ఎంతవరకు వర్తిస్తుందో మీరే చూసుకోండి.

పదునున్న కత్తి ఇప్పుడు కొనవద్దు. ఈ విషయంలో మెతకగా చెప్పలేను. ఒరను గీరుకుంటూ దూసేవాళ్ల చేతిలో షిన్‌కెన్, అంటే పదునున్న నిజం కత్తి, ఉంటే, వాదర ఒర చెక్కను కొంచెం కొంచెంగా కోస్తూ ఒకరోజు చీల్చుకుని బయటికి వస్తుంది, దాని అవతల ఉండేవి మీ ఎడమచేతి వేళ్లే. శ్రద్ధ లేకపోవడం మీ లోటు కాదు, తొందర మీ లోటు. తొందర చేతికి పదును ఇవ్వకూడదు. పైగా ఇంట్లో ఏడేళ్ల పిల్లాడు ఉన్నాడు.

చట్టం కూడా ఉంది. జపాన్‌లో ప్రతి నిజం కత్తికీ నమోదు పత్రం ఉంటుంది, చేతులు మారిన 20 రోజుల్లోపు తెలియజేయాలి. పదును లేని మిశ్రలోహపు కత్తికి నమోదు అక్కర్లేదు. అయినా సరైన కారణం లేకుండా దాన్ని బయట పట్టుకు తిరగడం నేరమే. సంచీలో మూసి, ఇంటినుంచి డోజోకు, డోజోనుంచి ఇంటికి.

సొంతంగా కొనాలనిపిస్తే ఆ మిశ్రలోహపు అభ్యాసపు కత్తే తీసుకోండి. కొత్తది కనీసం 40,000–50,000 యెన్లు అవుతుంది. పొడవు షాకు, సున్, బు లెక్కల్లో చెబుతారు. ఒక షాకు 30.3 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి వాదర పొడవు 2 షాకు 4 సున్, అంటే దాదాపు 73 సెంటీమీటర్లు మొదలుపెట్టడానికి సరిపోతుంది. త్సుబా కింద పట్టుకుని చెయ్యి పక్కకు వేలాడదీస్తే మొన నేలకు తగలకూడదు. బరువైనది ఎంచుకుంటే చేతికి బలం వస్తుందనుకోవద్దు, మీ మోచేతికి తేలికదే మంచిది. సెన్సేకి చూపించకుండా ఆర్డరు పెట్టకండి. దానితో దేన్నీ నరకకండి, ఇంకో కత్తికి తగలనివ్వకండి, ఆ లోహం విరుగుతుంది. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు పిడిలోని మెకుగి, అంటే కత్తిని పిడికి కట్టి ఉంచే చిన్న వెదురు మేకు, వదులైందేమో వేలితో నొక్కి చూడండి. అది జారితే కత్తి పిడిలోంచి ఎగిరిపోతుంది, అప్పుడు గదిలో ఎవరున్నా ప్రమాదమే.

ఇంటి సాధన పావుగంటకు మించనివ్వకండి, కానీ వారంలో ఐదు రోజులు ఉండాలి. రెండు నిమిషాలు సెయిజాలో ఊపిరి, మోకాలు ఒప్పుకోకపోతే కుర్చీలో. పైన చెప్పిన ఎనిమిది అంకెల దూయడం పదిసార్లు. నిదానమైన నోతో పదిసార్లు, మొన పడిన క్షణం వేళ్లకు తెలిసేలా. మోచెయ్యి బాగుంటే ముప్ఫై ఊపులు. ఆఖర్న ఒకే ఒక్క మాయె, అది ఎలా వచ్చినా మళ్లీ చేయకూడదు. బాగా రాలేదని రెండోది, మూడోది చేయడంలో మన మొండితనం దాగి ఉంటుంది. ఒక నోటు పుస్తకంలో ఆ రోజు మాయెలో కనిపించిన ఒక్క తప్పు రాయండి, ఒక్కటే. 'బాగా చేయలేదు' అన్నది పనికిరాదు. 'కుడి భుజం ముందే లేచింది' అన్నది పనికొస్తుంది. దాని పక్కనే ఆ రోజు ఎవరి మీదైనా అరిచారా, ఎన్ని గంటలకు, ఎంత నిద్రపోయారు అన్నది రాసి పెట్టండి. రెండు నెలల పేజీలు తిరగేస్తే మీ కోపానికి ఒక వేళాపాళా ఉందో లేదో కనిపిస్తుంది. నిద్ర తక్కువైన రోజుల్లోనే భుజం లేస్తోందని తేలితే, మీకు కావలసింది కత్తి కంటే ముందు మరో గంట నిద్ర.

కెండోలో మనసుకు పట్టే నాలుగు జబ్బులు చెబుతారు: ఉలికిపాటు, భయం, అనుమానం, తికమక. కోపం ఆ జాబితాలో లేదు, గమనించారా? అరుపు వెనక ఈ నాలుగిట్లో ఏదో ఒకటి ఉంటుంది. బాబు పాలగ్లాసు ఒలకబోసినప్పుడు వచ్చేది ఉలికిపాటు. చదువులో వెనకబడ్డాడని అరిచేది భయం. తమ్ముడితో ఫోన్లో మాట పెరిగేది అనుమానం వల్ల కావచ్చు. పుస్తకంలో ఆ అరుపు పక్కన ఏ జబ్బో కూడా రాయండి. ఇక ఇంట్లో అరవబోయే ముందు మీ ఒంట్లో మొదట కదిలేది ఏదో కనిపెట్టండి. చాలామందికి దవడ బిగుసుకుంటుంది, లేదా కుడి పిడికిలి మూసుకుంటుంది, లేదా భుజం లేస్తుంది. మీరు ఒరలో వెనక్కి పెట్టడం అభ్యసించింది ఆ క్షణం కోసం. పిడికిలి తెరవండి, ఎనిమిది లెక్కపెట్టండి, అప్పటికీ మాట అనాల్సిందే అనిపిస్తే అనండి. మొదట్లో పదిసార్లకు ఒకసారి కుదిరినా అది నిజమైన ప్రగతే, పుస్తకంలో రాసుకోండి.

ఒక నియమం తప్పకుండా పాటించండి: కోపం వచ్చిన గంటలోపు ఏ కత్తీ, చెక్కది కూడా, ముట్టుకోవద్దు. మీ అరుపు విన్న పిల్లాడు ఆ వెంటనే మీ చేతిలో కత్తి చూడకూడదు. కత్తులు తాళం వేసిన చోటే ఉండాలి. అరుపు దాటి చెయ్యి చేసుకునేదాకా వెళ్తున్నట్టయితే ఇయాయిడో దానికి మందు కాదు, కౌన్సెలర్‌ను కలవండి. సాధన దాని పక్కన సాగవచ్చు.

ఇండియా సంగతి. లోహపు కత్తి తేవద్దు. మన ఆయుధాల చట్టం (1959) కింద 2016లో వచ్చిన నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల్లో ఒక వర్గంగా ఉన్నాయి. పదును లేదని విమానాశ్రయంలో మీరు ఎంత చెప్పినా ఆ వాదన నెగ్గుతుందన్న హామీ లేదు. ప్లాస్టిక్ ఒరతో వచ్చే చెక్క కత్తి, ఒక హకమా, ఒక ఒబి (నడుం దట్టీ) తెచ్చుకోండి, ఏళ్ల తరబడి సరిపోతాయి. ఒరతో వచ్చే చెక్క కత్తి జపాన్‌లో ఉండగానే కొనండి, ఇక్కడ వెతుక్కోవడం కష్టం. ఇంట్లో ఫ్యాను కింద నిలబడి ఊపకండి, డాబా మీద గానీ ఖాళీ వరండాలో గానీ చేయండి.

గురువు లేకుండా కొత్త కతాలు వీడియోలు చూసి నేర్చుకోవద్దు. కంటికి కనిపించేది వేగం, కనిపించనిది పట్టు. వీడియోలోంచి వేగమే అంటుకుంటుంది. నేర్చుకున్నవాటిని నిలబెట్టుకోవడం మాత్రం ఒంటరిగా కుదిరే పనే. అందుకే మిగిలిన ఈ ఏడాదిలో మొదటి డాన్ తొందర పెట్టుకోకుండా, మాయెతో పాటు నిలబడి చేసేవి రెండు గట్టిగా నేర్చుకోండి. మూడు చాలు. నెలకోసారి వీడియోలు, ముందునుంచి ఒకటి పక్కనుంచి ఒకటి, పంపితే చూస్తారా అని సెన్సేను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. వెళ్లిపోయే వారం అడిగితే ఇబ్బందిగా ఉంటుంది. మీరు దిగే నగరంలో కెండో బృందం దొరికితే చేరండి. అక్కడ వెదురు కత్తితో ఎదుటి మనిషితో తలపడతారు, ఇయాయిడోలో లేని ఉలికిపాటూ భయమూ అక్కడ నిజంగా ఎదురవుతాయి, ఆ అనుభవం మీకు చాలా అవసరం. వెళ్లే ముందు మే మొదటి వారం సెలవుల్లో ఒకరోజు క్యోటో వెళ్లి, హెయియాన్ జింగూ దగ్గర 1899 నాటి బుతోకుదెన్ భవనంలో జరిగే ప్రదర్శనలు చూడండి. పెద్దవాళ్లు చేసే ఇయాయిడోలో వేటు కంటే ముందు వచ్చే నిదానాన్నే చూడండి.

వచ్చే తరగతికి అరగంట ముందు వెళ్లండి. మోకాలి సంగతి చెప్పండి. తర్వాత 'ఎప్పుడు రెండో కతా నేర్పుతారు?' అని కాకుండా, 'నా మాయెలో ఇప్పుడు అన్నిటికంటే ముందు సరిదిద్దుకోవాల్సింది ఏది?' అని అడగండి. ఏం చెప్పినా ఆ రాత్రే పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి.